దేవుడు ఎక్కడిదాకా

టేపు ఒక కొస చైన్‌మాన్ చంటిబాబు పట్టుకున్నాడు,
రెండో కొస నా చేతిలో.
మధ్యలో ముప్పై మీటర్ల కార్పొరేషను,
నడుమ కాస్త వంగి.

గుంటూరు, సంగడిగుంటలో ఒక అడ్డరోడ్డు.
పక్క గోడౌన్లో మిరపకాయ టిక్కీలు దింపుతున్నారు.
తుమ్మకుండా కొలవడం ఎవడి తరం?
తుమ్మినప్పుడల్లా అంకె మారింది,
మళ్ళీ గోడ దగ్గర్నుంచి మొదలు.

తేళ్ల సలోమి అర్జీ నా సంచిలో ఉంది:
"అయ్యా, మా ఇల్లు ప్రార్థనా మందిరం కూడాను.
కావున ఆస్తి పన్ను మినహాయించగలరు."
దానికి పిన్ను కొట్టి ఇంకొకటి, ఎదురింటివారిది:
"అయ్యా, ఇది నివాస జోను. ఆదివారం మైకు.
కావున తగు చర్య తీసుకోగలరు."
ఆఫీసు గేటు పక్కన కూర్చునే రైటరే
రెండూ రాశాడు.
అదే సిరా, అదే "కావున".

రూలు తేలికే.
దేవుడు వాడుకునే జాగాకి పన్ను లేదు,
మనుషులు వాడుకునే జాగాకి ఉంది.
ఫారంలో గళ్ళు మూడు:
నివాసం, వాణిజ్యం, మతసంబంధం.
"ఏది ఎక్కడిదాకానో చెప్పమ్మా" అన్నాను.

ఆమె నవ్వలేదు. చూపించింది.
"ఇదిగో, ఈ గదే.
పొద్దున మిషను కుడతాను, జాకెట్టుకి నూట యాభై.
మధ్యాహ్నం మా అత్త ఇక్కడే పడుకుంటది, కాళ్ళు పడిపోయినయ్.
రాత్రి పిల్లల చదువులు.
శుక్రవారం ఉపవాస కూటం.
ఆదివారం మిషను మీద తెల్లదుప్పటి కప్పితే
అదే బల్ల. దానిమీదే రొట్టె, దానిమీదే ద్రాక్షరసం.
దేవుడు ఎక్కడిదాకా ఉన్నాడో మీకు తెలిస్తే
సున్నంతో గీసి పోండి సార్,
అత్త మంచం అవతలికి జరుపుకుంటా."

చంటిబాబు చేతిలోంచి టేపు జారింది.
రేకు చుట్టుకుంటూ వచ్చి నా బొటనవేలు కోసింది.
సలోమి ఏదో జాకెట్టు పీలిక తెచ్చి కట్టింది,
పళ్ళతో ముడి బిగించి.
ఆ పీలిక ఏ గడిలో రాయాలో
నాకు ఇప్పటికీ తెలీదు.

కౌన్సిల్లో అది నలభై ఒకటో అంశం.
నలభయ్యోది వీధికుక్కలు, నలభై రెండోది రోడ్డు వెడల్పు.
మూడింటికీ కలిపి ఒకటే బల్లచరుపు.
టీ అప్పటికే వచ్చేసింది.

ఉత్తర్వు నేనే టైపు కొట్టించాను:
గుమ్మం వైపు తొంభై చదరపు అడుగులు మతసంబంధం, పన్ను లేదు.
మిషను చుట్టూ నలభై, వాణిజ్యం.
మిగతాది నివాసం.
మరియు రోడ్డు నిమిత్తం ముందువైపు ఆరడుగులు
సంస్థకు స్వాధీనపరచవలెను.

ప్లాను చూశాను.
ట్రేసింగు కాగితం మీద ఎర్రగీత తిన్నగా వస్తుంది
మస్తాన్‌వలీ సైకిల్ షాపు మీదుగా,
కోటమ్మ నిమ్మకాయలు దండగుచ్చే అమ్మవారి గద్దె మీదుగా,
సలోమి గుమ్మం మీదుగా.
ధ్యానమందిరం అని బోర్డు పెట్టిన
ఏసీ కల్యాణమండపం దగ్గరికొచ్చి
మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది,
దాటాక మళ్ళీ తిన్నబడుతుంది.
రబ్బరు రుద్దిన మచ్చ ఇంకా ఉందక్కడ.
ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది.
మచ్చ సంగతి ఎవరితోనూ అనలేదు.

నోటీసు తీసుకెళ్ళాను.
రెండుసార్లు చదివింది.
మెడలో వేలాడే కుట్టుటేపు తీసి
గుమ్మం నుంచి లోపలికి తనే కొలిచింది.
ఆరడుగులు. గది వెడల్పు పదిహేను.
పెదాలతో లెక్క వేసుకుంది.
"తొంభై. అంటే పొయ్యేది మొత్తం దేవుడి వాటానే."
అత్త మంచం కేసి చూసి, మెల్లగా,
"పోన్లెండి. ఊరవతల ఉండటం ఆయనకి కొత్తా?
మాకు మాత్రం కొత్తా?"

ముట్టినట్టు సంతకం పెట్టమన్నాను.
నా పెన్ను రాయలేదు.
ఆమె మిషను సొరుగులో వెతికి
గుడ్డలమీద గీసే సుద్దతో పెట్టింది,
పెద్ద అక్షరాలు, నీలం రంగు.

ఆఫీసుకి చేరేసరికి
సంచి అడుగున కాస్త నీలం పొడి.
కాగితం మీద ఏమీ లేదు.
మళ్ళీ వెళ్ళాలి.