ఎడమ నుంచి, కుడి నుంచి

కంటి ఆపరేషన్‌కని వచ్చిన, పందొమ్మిదేండ్లకు.
"ఏ పిల్లర్ కాడ, కాకా?" అన్నడు ఆటో పిల్లగాడు.
సుల్తాన్‌బజార్ అన్న.
"నంబర్ చెప్పు."

నేనున్నప్పుడు ఇక్కడ నంబర్లు లేవు,
దుకాణాలకు పేర్లుండె.
సగం పేర్లు నా చేతివే.

రెండు నిచ్చెనల నడుమ ఒక్క పలక.
ఎడమ నుంచి నేను తెలుగు రాసుకుంట పోతుంటె
కింది వరుసల కుడి నుంచి
వహాబ్ ఉర్దూ రాసుకుంట వచ్చేటోడు.
నడిమిట్ల ఒకడు వంగాలె,
ఒకడు దాటాలె.
ఎవడు వంగాలెనో
ఎన్నడూ మాట్లాడుకోలే.

ఇప్పుడు బోర్డులన్నీ పట్టపగలే వెలుగుతున్నయ్.
ఏ తలకట్టూ వంకర పోలే,
ఏ సున్నా ఉబ్బలే.
రాస్తున్నప్పుడు
ఒక్కడన్న తుమ్మినట్టు లేదు.

కోఠీ మలుపుకాడ
మొబైల్ కవర్ల ఫ్లెక్సీ ఒకటి
కుడి మూలకు చిరిగింది.
పైనుంచి మెట్రో పోతే
ఆ గాలికి ఒక్కపాలి లేచింది.

లోపల రేకు. నా నీలం రంగు.
"గడియారాల రిపేరు"ల
మిగిలింది "పేరు".
దాని కిందనే
వహాబ్ గాఫ్, నెత్తిన రెండు గీతలతోని.
నా వరుస అయిపోయే కాడ
వాని వరుస మొదలు.

ఫ్లెక్సీ మళ్ల పడ్డది.
ఇంకో రైలు దాకా నిలబడ్డ.
రెండోపాలి లేవలే.

చిట్టీ వెనుక
పక్కనున్న పిల్లర్ నంబరు రాసుకున్న.
వహాబ్ ఎక్కడున్నడో తెల్వదు.
దొరికితే,
రమ్మనడానికి అడ్రసు ఉండాలె గద.