నూట పన్నెండో పేజీ

పుస్తకానికి అట్ట నేదు.
జీడిపిక్కల బస్తాల సందున దొరికింది,
ఎవలు పారీసారో తెల్దు.
కాశీబుగ్గలో మా ఫేక్టరీ గేటు కాడ
రాత్రి పది దాటితే నాకు తోడు
ఒక టార్చిలైటు, ఒక ఈల, గోడ మీద బల్లి.
చదవడం మొదలెట్టీసాను.

క్రికెట్టు నవల. నాకా ఆట రాదు.
చిన్నప్పుడు చెడుగుడు ఆడీవోణ్ణి,
కూత ఆగితే చచ్చినట్టే, అదొక్కటే లెక్క.
ఇందులో ఒకడు స్లిప్పులో నిలబడ్డాడట,
జారిపోయీ చోట నిలబడ్డం దేనికి?
ఓవరంటే అయిపోయిందనుకున్నాను,
మళ్ళీ మొదలెట్టారు.
ఐదు రోజులాడి ఎవలూ గెలవనేదట,
చేతులు కలుపుకొని ఎల్లిపోనారట.
ఒక ఏడు మా కూలిరేటు మాటలూ ఇలాగే అయ్యాయి,
చేతులు కలపడం మట్టుకు నేదు.

తెలీని మాట కింద బొగ్గుతో గీత గీసీవోణ్ణి.
పొద్దున్న లోడింగుకొచ్చీ ఢిల్లీశ్వర్రావు
బస్తా వీపు మీదుండగానే
సగం చెప్పి, నవ్వీసి, లారీ ఎక్కీసీవోడు.
మిగతా సగం నానే అల్లుకున్నాను.

నూట పన్నెండో పేజీ.
పొద్దుగూకుతోంది. మంచి బేటుగాడు
కాళ్ళకి పేడ్లు కట్టుకొని కూకున్నాడు.
కేప్టెను ఆణ్ణి లెగనివ్వనేదు.
బేటు పట్టడం సరిగా రానోడొకణ్ణి పిలిచి
"పరుగులొద్దు, వెలుతురు పోయీదాకా నిలబడు" అని తోలీసాడు.
ఆ పనికి పేరు నైట్ వాచ్‌మనట.

నాకు ఒళ్ళు మండింది.
అరగంట డ్యూటీకి ఆ పేరేటి?
రాత్రి ఆటే నేదు, అందరూ హోటల్లో తొంగుంటారు.

అయినా మళ్ళీ చదివాను,
టార్చి దగ్గరగా పెట్టి.
మోచేతికో దెబ్బ, పక్కటెముకలకో దెబ్బ.
ఆడు ఒక్క పరుగూ తియ్యనేదు.
నూట పదకొండు పేజీల్లో ఆడి పేరు
ఒక్కసారైనా రాయనేదా రచయిత.

హౌరా బండి ఎల్లిపోయింది. బాయిలరు చల్లారింది.
లేచి ఓ చుట్టు తిరిగొచ్చాను.
ఎప్పుడూ ఒకసారి లాగీ తాళాన్ని
రెండుసార్లు లాగాను.

తెల్లారేక ఆడేటయ్యాడో తెల్దు,
తరవాతి పేజీలు ఎవలో చింపీసారు,
పకోడీకో, పొయ్యిలోకో.
"పొద్దున్నే అవుటైపోతార్లే మావా, ఎక్కువమంది"
అన్నాడు ఢిల్లీశ్వర్రావు.
ఆరింటికి నానూ అంతే కదరా అని
సైకిలు తీసాను.
చెయిను ఊడిపోయుంది.