డెబ్బై రెండు

నూట ఇరవై ఎనిమిదంటే నాకు భయం లేదు.
జగదాంబ సెంటర్లో సాయంత్రం బస్సుల్లాంటిది అది,
ఒకటి తప్పితే వెనకే ఇంకొకటి,
దేని మెట్టు మీదైనా కాలు పడుతుంది.
ఒక చెవి హెడ్‌ఫోనుకి, రెండో చెవి జనానికి ఇచ్చేసి
వేలికొసతో డిస్కు అంచుని కాస్త తోస్తే చాలు,
తప్పిపోయిన పాట గుంపులో కలిసిపోయేది.

పద్దెనిమిది పెళ్లిళ్లు అలాగే గట్టెక్కాను.

పందొమ్మిదోదానికి ముందు ఎల్లాజీ నన్ను
పెద జాలారిపేటలో తన రేకుల షెడ్డుకి పిలిచాడు.
సౌండు బాక్సులు ఒక పక్క, చిక్కుపడ్డ వలలు ఒక పక్క,
ఉప్పుగాలికి పిచ్ ఫేడరు గరగరలాడుతోంది.
సింక్ బటన్ మీద నల్లటేపు.
"అది నొక్కితే ఏలు ఇరిచీస్తాను" అన్నాడు,
నవ్వకుండా.

నూట డెబ్బై ఒకటి, నూట డెబ్బై ఇంకోటి పెట్టాడు.
పదహారు దెబ్బలు భుజాలు రాసుకుంటూ నడిచాయి.
తర్వాత డెబ్బై ఒకటి, డెబ్బై.
నాలుగో దెబ్బకే విడిపోయాయి,
బీచ్ రోడ్డు సవారీ గుర్రాలు రెండు ఒకేసారి బయల్దేరి
సబ్‌మెరైన్ దాకా రాకముందే డెక్కలు తప్పినట్టు
టక్, టటక్, టటక్.
"ఒకటి అన్ని చోట్లా ఒకటే కాదోలమ్మీ.
నూట డెబ్బైలో రూపాయి పోతే చిల్లర.
డెబ్బైలో పోతే ఆ పూట టీ నేదు."

వాళ్ల నాన్న అలివి వల లాగినవాడు.
నలభై మంది, రెండు తాళ్లు, ఇసకలో మడమలు.
"బేగి బేగి లాగినప్పుడు ఎవుడు తప్పినా తెల్దు,
పక్కోడి ఊపు ఈడ్సుకుపోతాది.
వల బరువెక్కి అడుగు నిదానవైనప్పుడు సూడాల.
అడుక్కీ అడుక్కీ మజ్జిన ఎవుడికి ఆడే.
అక్కడే జారిపోతాది తాడు."

పందొమ్మిదో పెళ్లి లాసన్స్ బే కాలనీలో, మేడ మీద.
పదికి పావుగంట తక్కువ. కింద వీధిలో కానిస్టేబుల్ బండి ఆగింది.
నూట నలభై నాలుగులో కుర్రాళ్లు చొక్కాలు పిండుకుంటున్నారు.
పెళ్లికూతురి మేనత్త అప్పలనరసమ్మ గారు
స్టీలు గ్లాసుతో మజ్జిగ నా బల్ల మీద పెట్టి
"ఒక్కటి నెమ్మదైంది ఎయ్యమ్మా, మేవూ ఆడతాం" అన్నారు.

ఆవిడ అడిగిన పాట డెబ్బై రెండు.
అదీ యంత్రం కొట్టిన డెబ్బై రెండు కాదు,
ఎప్పుడో ఎవరో చేత్తో వాయించిన డోలు,
చరణం దగ్గర కాస్త ఊపిరి పీల్చుకునేది.

నూట నలభై నాలుగు కడుపులో డెబ్బై రెండు ఉంటుంది.
లెక్కకి అది ఊరట, చెవికి కాదు.
ఒక దెబ్బ విని ఒక దెబ్బ విడిచిపెడుతూ
బాస్ మెల్లిగా దించాను.
మేడంతా ఒక్కసారి ఖాళీ అయినట్టయింది.
జనరేటర్ వినిపించింది. దాని వెనక సముద్రం,
అదేమో ఏ అంకెకీ కట్టుబడనిది.
నా గుండె నూట పదిలో కొట్టుకుంటూ తొందరపెడుతోంది:
తొయ్యనా? ఆపనా?
ఎటు తొయ్యాలో తేల్చుకోవాలంటే
ఇంకో దెబ్బ పడాలి.
అది వస్తుంది గానీ, రాదు.
భీమిలి ఆఖరి బస్సు కోసం
చీకట్లో మెడ చాచి నిలబడ్డట్టు నిలబడ్డాను.

పడింది.
డోలూ పడింది, దాదాపు అక్కడే.
అప్పలనరసమ్మ గారు చెంగు దోపుకుని
చెల్లెలి చెయ్యి పట్టుకున్నారు.
కుర్రాళ్లు కాసేపు ఏం చెయ్యాలో తోచక
తర్వాత వాళ్ల చుట్టూ చప్పట్లు మొదలెట్టారు, తలోచోట.

పదిన్నరకి ట్రాలీ ఆటోలో బాక్సుల మీద కూర్చుని
కేబుల్ మోచేతికి చుట్టుకుంటూ ఎల్లాజీ
అప్పుఘర్ మలుపు దాకా ఏం మాట్లాడలేదు.
"ఏడో దెబ్బ" అన్నాడు అప్పుడు.

నాకూ తెలుసు.