ఖో

మత్తికెరె మూడో క్రాసులో
ఆకాశమల్లె చెట్టు కింద నా ఇస్త్రీ బండి.
పూలు రాలి చొక్కాల మడతల్లోకి దూరతాయి,
పెట్టె కింద పడితే మరక.
అందుకని ఒక కన్ను పైకి,
ఒక కన్ను గోడ అవతల మైదానంలోకి.

నా కొడుక్కి పదకొండేళ్లు.
అహోబిలం మొక్కు మీద పెట్టిన పేరు, ఓబులేసు.
ఆ 'ఓ' దగ్గరే వాని గొంతులో గడియ పడతాది.
బళ్లో హాజరు పిలిస్తే చెయ్యెత్తుతాడు, అంతే.
అంగట్లో బెల్లం కావాలంటే
డబ్బాకేసి వేలు చూపిస్తాడు.
ఎవరేమడిగినా జవాబు నాది.
వాని పేరు వానికంటే నేనే ఎక్కువసార్లు చెప్పినా.

జూన్‌లో కొత్తగా వచ్చిన పీటీ మిస్సు, గుల్బర్గా మనిషి,
పొడుగు చూసి వాణ్ణి ఖోఖోలో నిలబెట్టింది.
పోయి చెప్పినా: మేడం, వానికి మాట తట్టుకుంటాది.
విజిల్ పళ్ల మధ్యనే పెట్టుకొని
"ఒందే అక్షర అమ్మా" అనింది.

ఒకటే అక్షరం.
బొగ్గులు నింపిన ఈ పెట్టె ఎనిమిది కిలోలు,
రోజంతా తోస్తాను దీన్ని.
వాని నాలుక మీది ఆ ఒక్కదాన్నీ
ఇన్నేళ్లూ జరపలేకపోయినా.

మొదటి వారమంతా ఫౌల్లే.
చెయ్యి వీపు మీద పడేది, మాట పడేది కాదు.
మాట పడకుండా కూచున్నోడు లేవకూడదు.
ఈలోపల పరిగెత్తేవాడు దాటిపోయేవాడు.
"ఏయ్, చెప్పరా!" అని అందరూ మీద పడేవాళ్లు.
వీధిలో పిల్లలైతే నవ్వుతారు,
వీళ్లకు నవ్వే తీరిక లేదు, ఓడిపోతున్నారు.
ఆ కోపం నాకెందుకో నచ్చింది.
జాలి కంటే గట్టి బట్ట అది, ఉతుకుడుకు నిలుస్తాది.

రాత్రిళ్లు గోడను తాకి గొణిగేవాడు,
తలుపును తాకి, గ్యాసు సిలిండరును తాకి,
ఒకనాడు నిద్రపోతున్న చెల్లెలి వీపును తాకి.
అది లేచి ఏడ్చింది.

ఆ మాట ఊడిపడిన పూట నేను చూడలేదు.
ఎవరిదో పట్టుచీర బండి మీద, తలెత్తే వీల్లేదు.
గోడ అవతల నుంచి ఒక కేక,
చేలో పిట్టల్ని తోలినట్టు, పొట్టలోంచి.
ఎవరి గొంతో గుర్తుపట్టలేదు నేను.
కన్నతల్లిని, గుర్తుపట్టలేదు.
తెలిసేసరికి జరీ పక్కన రూపాయంత మచ్చ.
మూడు వందలు పట్టుకున్నారు.

ఆ తరువాత గోడెక్కి చూసినా.
ఎనిమిది మంది వరసగా గొంతుక్కూచున్నారు,
ఒకడు ఇటు, ఒకడు అటు మొహం పెట్టి.
వెనక ఏం వస్తోందో ఎవరికీ కనబడదు.
చెయ్యి పడుతుందని నమ్మి ఉండాల,
వేళ్లు మట్టికి ఆనించి,
పడకముందు లేవకుండా, పడినాక ఆగకుండా.
నా మొగుడు నలభై ఏళ్లకు నేర్వనిది
వీడు ఒక వానకారులో నేర్చినాడు.

ఇప్పుడు ఇంకో సంగటి ముద్దకు గిన్నె తోస్తాడు.
పడుకుంటే కర్ర మాదిరి పడుకుంటాడు.
చొక్కా వీపు మీద ఎవరిదో ఎర్రమట్టి అరచెయ్యి,
అయిదు వేళ్లూ తేటగా.
దాన్ని ఉతకబుద్ధి కాదు నాకు.
పాఠం చదవమంటే మాత్రం ఇంకా తట్టుకుంటాడు,
అబద్ధమెందుకు.

నిన్న తాలూకా పోటీలు, మల్లేశ్వరంలో.
బల్ల వెనక ఒకాయన, పెద్ద పుస్తకం.
"హెసరు?" అన్నాడు తలెత్తకుండా.
నోరు తెరిచినా. అలవాటు.
'ఓ' దాకా వచ్చేసింది నా నోట్లోకి.
మూసుకున్నా.
వాని వీపు మీద చెయ్యి వేసి,
పోయి పక్క బెంచీ మీద కూచున్నా.

పెన్ను ఆగింది.
వెనక వరసలో పిల్లలు కదల్లేదు.
నాలుగు ముక్కలుగా వచ్చింది పేరు,
నడుమ రెండుసార్లు ఊపిరి.
ఓబళేశ, అని రాసుకున్నాడాయన.
"బ కాదు సార్, బు" అన్నాడు మావాడు.

వేలు చూపించలేదు.