కొసరు

సంత మలుపులో, చెరుకురసం బండి పక్కన
తట్ట దించుకొని కూచోనుండాడు వాడు.
తట్ట మీద వల. వల కింద
ఉడికే అన్నం మాదిరి కదలతా ఉండాయి పిల్లలు.

నాటువా, ఫారానివా? అంటి.
నాటువేనక్కా, కాళ్లు చూడు, అనె.
కాళ్లు చూస్తి. రెక్క విప్పి చూస్తి.
ముడ్డి తడిగా ఉండేవాటిని పక్కన పెట్టేస్తి.
మా అత్త నాకు నేర్పించిన చదువు ఇదొక్కటే,
దీంట్లో మాత్రం ఫెయిలు కాలా.

డజను ఆరునూర్లు చెప్పె, నాలుగున్నరకు తెగె.
టమాటా అమ్మిన దుడ్డులోంచి
నోట్లు ఎంచి ఇస్తా ఇస్తా
కొసరెయ్యవా నాయనా, అంటి.
వంకాయలు కొన్నా, మూరెడు పూలు కొన్నా
కొసరు లేకుండా సంత దాటి ఎరగను.

వాడు పక్కతట్టలో చెయ్యి పెట్టి
ఒక పచ్చదాన్ని తీసి పెట్టెలో వేసె.
పచ్చ అంటే చిలకపచ్చ.
పిల్లకాయలు ఏడిస్తే కొనిచ్చే రకం,
రంగునీళ్లలో ముంచి లేపింది.
ఒక కాలు వంకర.
అదే నీ కొసరు, పోక్కా.

బస్సులో బిస్కట్ల అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుంటి.
కొడవలి మొనతో పొడిచిన బొక్కల్లోంచి ముక్కులే ముక్కులు.
కండక్టరు వంగి, చెవి పెట్టి విని
ఇంతమందికి ఒక టిక్కెట్టేనా? అనె.
ముందు సీటు ముసలాయన నవ్వె,
పైపళ్లు రెండే ఉండాయి ఆయనకు.

దిగేటప్పటికి పొద్దు గుంకింది.
మామిడిపూత వాసన రోడ్డు దాకా వచ్చి నిలబడుండాది.
రెడ్డెప్ప తేనెమంచు పురుక్కి మందు కొట్టొచ్చి
స్ప్రేయరు కడగతా ఉండాడు.
మూత ఎత్తి లెక్కపెడతా, పచ్చదాని కాడ ఆగిపోయె.
ఇదేందిమే, చిలక్కి పుట్టిందా?

మా ఎర్రపెట్ట పొదిగి ఇరవై ఆరు దినాలు.
గుడ్లు మురిగిపోయినాయని నాకు తెలుసు, ఆయప్పకు తెలుసు,
దానికి చెప్పేదెవరు?
దిగి నాలుగు గింజలు తిని
పరిగెత్తిపోయి మళ్లా కూచుంటాది.
రొమ్ము కింద బొచ్చు ఊడి
ఒళ్లు జరం వచ్చినట్టు కాలతా ఉండాది.

రాత్రి పదింటికి త్రీఫేజు వస్తే
ఆయప్ప మోటరు కాడికి పోయె.
నేను బల్బు ఆర్పి, గంప ముందర కూలబడి
ఒక గుడ్డు తీసేది, ఒక పిల్లను పెట్టేది.
ఒక గుడ్డు. ఒక పిల్ల.
నా చెయ్యి పొడిచి పొడిచి అదే అలిసిపోయె.
ఆఖరుదాన్ని గుప్పిట్లో పట్టుకొని
కొంచేపు ఆలోచిస్తి.
చీకట్లో అదీ మిగతావాటి మాదిరే వెచ్చగుండాది.
పెట్టేస్తి.

గుడ్లు దిబ్బలో పూడుస్తా ఉంటే ఒకటి పగిలె.
ఆ వాసన గురించి చెప్పను.

తెల్లారి గంప ఎత్తితే
ముందు ఎర్రపెట్ట దిగె. గొంతు మారిపోయుండాది.
నిన్నటిదాకా గుర్రుమనేది,
ఇప్పుడు కుండలోంచి గింజలు ఒలికినట్టు
కొక్, కొక్, కొక్.
వెనకాల పన్నెండు.
వాటి వెనకాల, కాలు ఈడ్చుకుంటా, పచ్చది.

పెట్ట ఆగె.
ఒక కంటితో చూసె. తల తిప్పి
రెండో కంటితో చూసె.
నేను చేటలో నూకలు పట్టుకొని
ఊపిరి బిగబట్టుకోనుండా.
ఏమనుకుందో ఏమో, మట్టి గీరి
ఒక చెదపురుగును దాని ముందర పడేసె.

కానుగ చిగురేసె. చింతచిగురు పప్పు నాలుగుసార్లు చేసుకుంటిమి.
గద్ద రెండిటిని ఎత్తకపోయె. ఒకటి నీళ్లతొట్లో పడె.
చెంగమ్మ కంచె మీంచి తొంగిచూసి
ఆ రంగుది పుంజేమే, గంగమ్మకు మొక్కుకో,
జాతర వస్తాండాది, అనె.
కొసరును మొక్కకూడదు, అంటి.
ఎవురు చెప్పినారు?
మా అత్త.
మా అత్త అట్లాంటిదేమీ చెప్పలా.

వేపపూత రాలే పొద్దుకు
దానికి తెల్ల ఈకలు దిగినాయి.
పచ్చ ఇంక మెడకింద మాత్రం,
గిన్నె అంచున ఎండిన గోరింటాకు మాదిరి.
ఈ పొద్దు కల్లాపి చల్లతా ఉంటే
ఈడ్చుకుంటా ఈడ్చుకుంటా వచ్చి
నా కాలి మెట్టెను నూక అనుకొని పొడిచె.
మళ్లా పొడిచె.
అది ఊడదురా నాయనా,
పద్దెనిమిదేండ్లుగా నాకే ఊడలా, అంటి.