తాబేలు కాళ్ళు ఎటు

ఔలు పట్నంలో డిసెంబరు. మధ్యాహ్నం మూడింటికే
కిటికీకి తారు పూసినట్టు చీకటి.
బల్ల మీద అట్టముక్క, దాని మీద తాబేలు బొమ్మ.
అటు చిన్న కుర్చీ. ఇటు, కిటికీకి వీపు పెట్టి నేను,
రాసుకోడానికి కాస్త ఓరగా.
పదకొండేళ్ళుగా నా కుర్చీ మారలేదు.

అడిగేది ఇంతే:
నీకు తాబేలు ఎలా కనిపిస్తోంది?
మరి నాకెలా కనిపిస్తోంది?
నిలబడి ఉందా, వెల్లకిలా పడి ఉందా?

మొదట పిహ్లా. నాలుగేళ్ళు నిండలేదు,
ఒక కాలికి మేజోడు లేదు.
తనకి "నిలబడింది" అంది.
నాకూ "నిలబడింది" అంది.
నాకే కాదు, వాళ్ళమ్మకీ, బస్సు డ్రైవరుకీ,
పక్కగదిలో మా కాఫీ యంత్రానికీ నిలబడే ఉందట.
ఆ వయసులో లోకానికంతా ఒకటే కుర్చీ.
దానికెవరూ ఏ పేరూ పెట్టరు.
"ఇంకా పసిది" అనుకుంటాం, అంతే.

తర్వాత టుయిస్కు, ఆరేళ్ళది.
నోటికంటే ముందు ఒళ్ళు బయల్దేరింది.
మెడ వంచి, భుజం వాల్చి,
కుర్చీలోంచి సగం జారి
దాదాపు నా ఒళ్ళోకి వచ్చేసి
"అయ్యో, నీకు పాపం పడిపోయింది!" అంది.
తాబేలుని లేపడానికి చెయ్యి కూడా చాపింది.

ఆఖరున ఉర్హో. ఏడేళ్ళు.
కాగితంలో కుడివైపు వరస వాడిది.
వాడు కూర్చోకముందే
పైన ఆటిజం అని అచ్చయి ఉంది.

"నాకు నిలబడింది," అన్నాడు.
మరి నాకో, ఉర్హో?
మెడ కదల్లేదు. భుజం కదల్లేదు.
నా మొహం వదిలేసి
నా భుజం మీదుగా ఎటో చూశాడు.
రాసుకున్నాను: చూపు కలపడు. ధ్యాస కిటికీ మీద.
గడియారం నడుస్తోంది.
"వెల్లకిలా," అన్నాడు చాలాసేపటికి,
స్టేషన్లో రైలు వేళ చెప్పే గొంతుతో.
అట్ట తిప్పాను, మార్చాను, పన్నెండుసార్లు.
పన్నెండూ సరే. పన్నెండూ ఆలస్యం.
నేను ఆలస్యం కింద గీత గీశాను.

గుమ్మం దగ్గర వాడి బూట్ల జిప్పు లాగుతూ
"ఎలా చేశాడు?" అంది వాళ్ళమ్మ ఔతి.
ఆ రెండు మాటల్లో ఎన్ని ఆస్పత్రుల మెట్లున్నాయో
నాకు వినిపించింది. అయినా
"ఒక్కొక్కరివి విడిగా చెప్పకూడదండీ," అన్నాను.
వాడు తలుపు పట్టుకుని
"నీ కిటికీ మంచిది," అని వెళ్ళిపోయాడు.

బల్లకి వాడి వైపున ఎర్ర క్రేయాన్ మరక.
తుడవబోతే నడుము పట్టేసి
ఆ చిన్న కుర్చీలోనే కూలబడ్డాను.
మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.
తలెత్తాను.

కిటికీ నల్లటి అద్దంలో ఇంకో దీపం, ఇంకో బల్ల,
నా ఖాళీ కుర్చీ వీపు,
దాని పక్కనుంచి తాబేలు.
వెల్లకిలా,
నాలుగు కాళ్ళూ గాల్లోకి,
రోజూ అటునుంచి నేను చూసేట్టే.

ఓహో.
టుయిస్కు నాలోకి దూరింది.
వీడు నా వెనక్కి వెళ్ళి చూశాడు.
అక్కడ నా వీపు కూడా కనబడి ఉంటుంది,
రాస్తూ రాస్తూ వంగిపోయే వీపు,
నేనింతవరకు చూడనిది.

ఇది చూపా, దొంగచూపా?
దీనికి గడి లేదు కాగితంలో.
"కిటికీకి తెర వెయ్యాలి" అని రాస్తే
పరీక్ష శుద్ధమవుతుంది.
పెన్ను మూత తీశాను. పెట్టేశాను.
ఈ కుర్చీలో ఎంతమందిని కూర్చోబెట్టానో లెక్కుంది,
నాలుగు వందల పన్నెండు.
నేను కూర్చున్నది, ఇదిగో, ఇదే.

దీపం ఆర్పాను.
బల్ల మాయమై, అద్దం అవతల మంచు తేలింది.
ఔతి కారు అద్దం మీద గడ్డ గీకుతోంది.
ఉర్హో ఈ భవనం నుంచి వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు,
ఒక్కో అడుగూ లోతుగా దింపి.
వాడు దూరమవుతున్నాడు.
మంచులో అడుగులు మాత్రం
ఎవరో ఇటే వస్తున్నట్టున్నాయి.