పండ్లు చూపించండి

కుందుర్పి దాటినాక బస్సు ఎక్కడ నిలబడిపోతే అదే ఊరు.
డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రెయాకు
మూడు దినాలు నేను దుబాసిని.
దినానికి ఆరువందలు, మధ్యాన్నం బడిలోనే అన్నం.
కల్యాణదుర్గంలో మోటార్లకు వైండింగు చుట్టేవాణ్ణి,
నా ఇంగ్లీషు మోటారు డబ్బాల్లో వచ్చే కాగితాలు నేర్పిందే.

ఆమె పెట్టె తెరిచింది.
ఎద్దుక్కూడా పెద్దదనిపించే ప్లాస్టిక్ దవడ,
మోచేతి పొడవు బ్రష్షు,
రెండు నిమిషాలు కొలిచే ఇసుక గడియారం.
విమానంలో బట్టీ పట్టిన ఒకే ఒక్క తెలుగు వాక్యం
నన్నడగకుండానే అనేసింది:
"పండ్లు చూపించండి."

పిల్లోళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.
ఓబులేసు నిక్కరు జేబులోంచి
నలిగిన నేరేడుపండ్లు నాలుగు తీసి బెంచీ మీద పెట్టినాడు.
మారెక్క సంచంతా దేవులాడి
"నా దగ్గర జామకాయే ఉండాది, సెల్లుతాదా?" అనింది.
అప్పుడు నవ్వినారు అందరూ,
అరచేతులు నోటికి అడ్డం పెట్టుకొని.

ఎందుకలా మూసుకుంటారు, అని ఫ్రెయా.
పెదవులు విప్పకుండా
తెలియదన్నట్టు తల ఊపినాను.
పెండ్లి ఫోటోలో కూడా నా నోరు ఇంతే.

రెండోనాడు బ్రష్షులు పంచింది.
పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, మెల్లగా.
గోడకు సున్నం కొట్టినట్టు కాదురా,
పసిబిడ్డ తల రుద్దినట్టు
(ఈ మాట ఆమెది కాదు, నాది).
ఇసుక అయిపోయింది.
తిప్పేస్వామి ఆపలేదు.
గడియారం బోర్లించుకున్నాడు. మళ్ళీ బోర్లించుకున్నాడు.
నురగ ఎర్రబడింది.
"గోధుమరంగు పోలే. ఇంగెంత సేపు తోమల్లో అడుగన్నా."

అడగలేదు.
దుబాసితనం పక్కన పెట్టి నేనే చెప్పినాను:
అది మురికి కాదు మేడమ్.
ఎనిమిది వందల అడుగుల బోరు నీళ్ళు.
పాలపండ్లు ఊడకముందే
లోపల దాక్కున్న పండ్లకు పట్టేస్తుంది.

ఆమె తన సీసాలో నీళ్ళు తాగబోయి, మూత పెట్టేసింది.
మరి మంచి నీళ్ళు?

ప్లాంటుంది. ఐదు రూపాయల బిళ్ళ వేస్తే బిందె నింపేది.
మోటారు కాలిపోయింది.

అక్కడికి ఆపినాను.
ఆ మోటారు పదకొండు నెలలుగా
నా షాపులో పై అటక మీదే ఉందని,
పాత బాకీ తీర్చందే ముట్టుకోనని నేనే అన్నానని,
నీటి పన్ను వసూలైతే ఇస్తామని పంచాయతీ అనిందని,
మా భాషలో అదీ పన్నే, ఇదీ పన్నే అని
ఆమెకు తర్జుమా చెయ్యలేదు.

మూడోనాడు ఆమె తెలుపు మాటే ఎత్తలేదు.
రాత్రిపూట నొప్పితో లేవకుండా ఉండటానికి తోముకోండి, అంతే, అనింది.
దవడను బడికే ఇచ్చి బస్సెక్కింది.

సాయంత్రం పెద్దన్న సారు దాన్ని
భూగోళం పక్కన బీరువాలో పెడుతూ లెక్కపెట్టినాడు.
ముందు పన్ను ఒకటి లేదు.
"ముందే లేదు సార్," అన్నాను.

వన్నూరమ్మ గేటు కాడ నన్ను ఆపింది.
ఏడేండ్లుంటాయి. పైన ముందు రెండూ ఊడిపోయినాయి.
గుప్పిట తెరిస్తే తెల్లగా, పావురాయి గుడ్డంత.
"పెద్ద పన్ను వచ్చేటప్పుడు దానికి సూపిస్తా, ఇట్లా రమ్మని.
సారుకు సెప్పొద్దన్నా."
లోపలిది ఎప్పుడో ఏ రంగుకు తిరిగిందో
నాకు తెలుసు.
అదీ చెప్పలేదు.

చంకలో దాని తమ్ముడు.
అక్క కొత్త బ్రష్షు లాక్కొని
ఒట్టి చిగుళ్ళతో కొరుకుతున్నాడు.

పద్దెనిమిది వందలకు
రెండు కిలోల రాగితీగ కూడా రాదు.
ఎనిమిదిన్నరకు షట్టరెత్తి
మోటారు కిందికి దించినాను.
దుమ్ము ఊదితే నోట్లో పడింది.
కాలిన చుట్లు ఒక్కొక్కటే విప్పుతూ
పైకే లెక్కపెట్టినాను,
పక్క టీకొట్టు వాడు తొంగి చూసేంత గట్టిగా.